1971 ఢాకా ఫోటోతో జిగ్‌సా పజిల్: ముక్కల లెక్క తర్వాత, ముందు ముఖాలు చూడండి

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకిది జవాబు. వాళ్ళ నాన్నగారు సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేసి రిటైరయ్యారు. 1971 యుద్ధంలో తూర్పు వైపు ఉన్నారట. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన ఆ ప్రసిద్ధమైన ఫోటోను జిగ్‌సా పజిల్‌గా చేయించి ఈ డిసెంబరు 16న ఆయనకివ్వాలని కొడుకు కోరిక. జిగ్‌సా అంటే బొమ్మను ముక్కలుగా కోసి మళ్ళీ పేర్చే ఆట. వెయ్యి ముక్కలా, ఐదొందలా? వాట్సాప్‌లో వచ్చిన ఫోటో సరిపోతుందా? రంగులు వేయిస్తే బాగుంటుందా? పూర్తయ్యాక అతికించి గోడకు పెట్టొచ్చా? వీటికి తోడు ఇంట్లో అమ్మగారు "మనుషుల ఫోటో ముక్కలుగా కోయడమేమిట్రా, అశుభం" అంటున్నారట.

నాది బ్రహ్మపురంలో ఫోటో ఫ్రేముల షాపు. పెళ్ళి ఫోటోలతో, పిల్లల ఫోటోలతో పజిళ్ళు చేయించమని వచ్చేవాళ్ళు బాగా పెరిగారు. గోపాల్‌పూర్‌లో సైన్యం వాళ్ళ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉండడంతో ఫౌజీ కుటుంబాల ఆర్డర్లూ వస్తుంటాయి. అందుకని ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పగలను.

ముందు వెయ్యి ముక్కల మాట మరిచిపోండి. బజారులో దొరికే వెయ్యి ముక్కల పజిల్ దాదాపు 70 సెంటీమీటర్లకు 50 ఉంటుంది. ఐదొందలది 49కి 36. లెక్కేస్తే రెంటిలోనూ ముక్క సైజు ఒకటే, రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. డెబ్బై దాటిన వేళ్ళకు, శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళకు అది చిన్న ముక్క. పైగా ఇది కొండా సముద్రమూ ఉన్న రంగుల బొమ్మ కాదు. నలుపు తెలుపు ఫోటోలో యూనిఫారాలన్నీ ఇంచుమించు ఒకే బూడిదరంగు. ఒకరి భుజం ముక్కకీ ఇంకొకరి మోచేయి ముక్కకీ తేడా తెలియదు. పెద్దాయన రెండు రోజులు చూసి మూడో రోజు అట్టపెట్టె అటకెక్కించేస్తారు.

అలాగని గిఫ్టు షాపుల్లో చేసే ఎ4 అట్ట పజిల్ కూడా వద్దు. అది మరీ చిన్నది. అందులో వరసగా నిలబడ్డ అధికారుల ముఖాలు చిటికెన వేలి గోరంత వస్తాయి. ఆయన గుర్తుపట్టాల్సింది ఆ ముఖాలనే కదా.

నేనైతే 12×18 అంగుళాలు చేయిస్తాను. ఫోటో ల్యాబుల్లో రోజూ నడిచే సైజు కనుక ఎక్కడైనా ప్రింటు దొరుకుతుంది. ముక్క అంగుళం చొప్పున కోయిస్తే 216 ముక్కలు. మనవలతో కలిసి కూర్చుంటే తేలిగ్గా ముగియదు, విసుగూ పుట్టదు.

ఇక ఫోటో ఫైలు. అసలు పని ఇక్కడే ఉంది, తక్కినదంతా డబ్బిస్తే షాపువాళ్ళు చేసేదే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడుగు వైపు 1600 పిక్సెళ్ళకు కుదించుకుపోతుంది. దాన్ని 18 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 90 చుక్కలు కూడా ఉండవు. కనీసం 200 ఉండాలి, అంటే పొడుగు వైపు 3600 పిక్సెళ్ళు. 300 ఉంటే, అంటే 5400 ఉంటే, ఇంకా మంచిది. ఎవరి దగ్గరన్నా పెద్ద ఫైలు ఉంటే ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి. ఈమెయిలైనా సరే. పాత పుస్తకంలోంచో పత్రికలోంచో స్కాన్ చేస్తే అచ్చు చుక్కలు వచ్చేస్తాయి. తెర మీద బాగానే కనిపిస్తుంది కానీ ప్రింటు తీశాక బుగ్గల మీదా టోపీల మీదా గళ్ళు గళ్ళుగా అలలు తేలతాయి. స్కానర్‌లో డీస్క్రీన్ అనే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టించండి. కొంచెం మెత్తబడినా పరవాలేదు.

ఫైలు చిన్నగా ఉందని ఏఐతో పెంచమనే సలహా ఇప్పుడు ప్రతివాడూ ఇస్తున్నాడు. ఈ ఫోటోకి మాత్రం అది పనికిరాదని గట్టిగా చెబుతాను. అది ఉన్నదాన్ని స్పష్టం చేయదు, లేనిదాన్ని ఊహించి గీస్తుంది. ఇలాంటి పాత గ్రూపు ఫోటో ఒకటి మా షాపుకొచ్చింది. దూరం నుంచి నిగనిగలాడుతోంది. దగ్గరగా చూస్తే వెనక వరసలో ఇద్దరికి ఒకే ముక్కు, ఛాతీ మీద రిబ్బన్లు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి అంటించిన ప్లాస్టరులా ఉన్నాయి, కుర్చీ పట్టుకున్న చేతికి ఆరో వేలు మొలిచింది. పజిల్‌లో మనిషి ఒక్కో ముక్కనీ చేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తాడు, ఈ దొంగతనం దాగదు. ఆ ముఖాలను ఫోటోల్లో, పేపర్లలో చూస్తూ బతికిన సైనికుడి దగ్గర అసలే దాగదు. రంగులు వేయించడం గురించి కూడా నా అభిప్రాయం ఇదే. ఎవరి యూనిఫారం ఏ ఛాయో కంప్యూటరుకి తెలియదు. నౌకాదళం, వైమానిక దళం, ఆర్మీ అందరూ ఒక్కచోట ఉన్న ఫోటోలో రంగు తప్పితే నాన్నగారే మొదట పట్టుకుంటారు.

ఫైలు దొరికాక రెండు సంగతులు చూసుకోండి. ఒకటి, ఫోటో తిరగబడి ఉందేమో. నెట్‌లో అద్దంలో చూసినట్టు ఎడమ కుడి మారిన కాపీలు తిరుగుతుంటాయి. పతకాల రిబ్బన్లు ఎడమ రొమ్ము మీద పెట్టుకుంటారు. మనకు ఎదురుగా నిలబడ్డ అధికారికి అవి మన కుడి చేతి వైపు కనిపించాలి. అటు కాకుండా ఇటుంటే ఫోటో తిరగబడ్డట్టే.

రెండోది అంచులు. ఒకే ఫోటో రకరకాల కత్తిరింపుల్లో దొరుకుతుంది. బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరినీ అందరూ ఎరుగుదురు: మనకు ఎడమ వైపు తలపాగాతో మన సైన్యపు తూర్పు కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా, పక్కన కాగితం మీద సంతకం పెడుతున్న పాకిస్తాన్ లెఫ్టినెంట్ జనరల్ ఎ.ఎ.కె. నియాజీ. వెనక నిలబడ్డవారిలో ఎడమ నుంచి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్, ఎయిర్ మార్షల్ దేవాన్, లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్, మేజర్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జేకబ్. జేకబ్ భుజం మీంచి ఫ్లయిట్ లెఫ్టినెంట్ కృష్ణమూర్తి తొంగి చూస్తుంటారు. కుడి చివర మైకు పట్టుకున్నాయన ఆకాశవాణి వార్తలు చదివే సురజిత్ సేన్. రెడీమేడ్ పజిల్ అచ్చుకి సరిపెట్టడం కోసం షాపు కుర్రాడు ఫోటోను అటొక ముక్కా ఇటొక ముక్కా కోసేస్తే ముందు పోయేది ఈ చివరి మనుషులే. సిగ్నల్స్‌లో పనిచేసిన మీ నాన్నగారికి మైకు పట్టుకున్న మనిషి లేని ఫోటో ఇస్తారా? బంగ్లాదేశ్ పక్షాన ముక్తి బాహినీ నుంచి గ్రూప్ కెప్టెన్ ఎ.కె. ఖండ్కర్ ఆ కార్యక్రమానికి హాజరయ్యారు. ఆయనా కనిపించే వెడల్పైన కాపీ దొరికితే అదే తీసుకోండి.

ఆ అంచులు కాపాడడానికి ఒక ఉపాయం ఉంది. ఫోటో చుట్టూ అర అంగుళం తెల్ల అంచు వదిలి ప్రింటు వేయించండి. ఫోటో 11×17 అవుతుంది, మొత్తం మాత్రం 12×18 ఉంటుంది. ఎవరూ తెగిపోరు, అంచు ముక్కలు సగం తెల్లగా ఉంటాయి కనుక పెద్దాయన వాటిని తేలిగ్గా ఏరుకుంటారు. కింది అంచు మాత్రం కాస్త ఎక్కువ వదిలిస్తే అక్కడ తేదీ, చోటు రాయించవచ్చు: ఢాకా, రమ్నా రేస్‌కోర్స్ మైదానం, 1971 డిసెంబరు 16. నా సలహా, తెలుగులో ఒక లైను, ఒడియాలో ఒక లైను పెట్టించండి. మన రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి పిల్లల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు చదవలేనివాళ్ళే ఎక్కువ. తాతగారి పక్కన కూర్చునేది వాళ్ళే కదా. ఎవరెవరు ఎక్కడున్నారో చెప్పే పేర్ల కాగితం కూడా రెండు లిపుల్లో రాసి పెట్టెలో వేయండి.

అమ్మగారి మాట కొట్టిపారేయకండి. మన ఇళ్ళల్లో మనిషి ఫోటో చింపడం, తొక్కడం, కోయడం మనసొప్పని పనులే. అదే ఫోటో ఇంకొక ప్రింటు తీయించి ఫ్రేము కట్టించి పూర్తిగా గోడకు పెట్టండి. కోసేది రెండో ప్రతిని మాత్రమే. దానిలోనైనా కత్తి ఎవరి ముఖం మీదుగానూ పోకుండా చూసుకోవచ్చు, దీనికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు.

జిగ్‌సా పుట్టినప్పటి పద్ధతీ అదే. 1760ల్లో లండన్‌లో పటాలు చెక్కే జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన పటాన్ని పలచటి చెక్కకి అంటించి దేశాల ఎల్లల వెంటే రంపంతో కోశాడు, పిల్లలకు భూగోళం నేర్పడానికి. గళ్ళ ప్రకారం కాదు, బొమ్మ ప్రకారం. (గీత వెంట కోయడం ఎలా ఉంటుందో మనవైపు వాళ్ళకు వేరే చెప్పాలా! 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీలోంచి గంజాం, కోరాపుట్ ప్రాంతాలను అలాగే కోసి ఒడిశాలో కలిపారు. ఇటు ఇల్లు, అటు పొలం అయిన కుటుంబాలు మనవే.) ఇప్పుడు లేజర్‌తో కోసే షాపులో కోరెల్‌డ్రా అనే డిజైను సాఫ్ట్‌వేర్‌లో ఒక రెడీమేడ్ గళ్ళ అచ్చు తెరిచి కింద ఫోటో పడేస్తారు. గీతలు ఎక్కడ పడితే అక్కడ పడతాయి, కళ్ళ మధ్య నుంచి, మూతి మీంచి. మీరు పక్కన నిలబడి "బాబూ, ఆ ఫోటోని కొంచెం పైకి జరుపు, కొంచెం ఎడమకి" అనండి. తెల్ల అంచు ఉంది కనుక జరపడానికి చోటుంటుంది. 11×17లో ముఖం అంగుళానికి అటూ ఇటూ వస్తుందో లేదో ముందే స్కేలు పెట్టి కొలిచి చూసుకోండి. వస్తే చాలామందికి ముఖానికో ముక్క అమరుతుంది. జేకబ్, కృష్ణమూర్తి లాంటి చోట ముఖాలు ఒకదానిమీదొకటి ఉంటాయి, అక్కడ గీతను చేత్తో వంచి మెడ చుట్టూ తిప్పమనండి. సహనమున్న కుర్రాడైతే అరగంట పని.

దీనివల్ల ఒక చిక్కు, ఒక లాభం. చిక్కేమిటంటే ఒక ముక్క పోతే ఒక జనరల్ పోయినట్టే. అందుకని ఒకే ఫైలుతో రెండు సెట్లు కోయించండి. రెండో సెట్టు వెనక పెన్సిలుతో గీత పెట్టి బీరువాలో దాచేయండి. ఒకే ఫైలు కనుక ఇందులోది అందులో ఇమిడిపోతుంది. కోత ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. షాపువాళ్ళు నెల తిరక్కుండా పాత ఫైళ్ళు తుడిచేస్తారు. లాభమేమిటంటే ఈ పజిల్‌ని అంచుల నుంచి కాకుండా ముఖాల నుంచి పేర్చవచ్చు. మామూలుగా అందరూ మూలలు, అంచులు ఏరి చట్రం కట్టుకుంటారు. ఇక్కడ ముందు ముఖాలు ఏరి బల్ల మీద వరస పెట్టమనండి. ఎవరి పక్కన ఎవరో నాన్నగారు చెబుతారు, పిల్లలు పెడతారు. ఆ తర్వాత బల్ల, తెల్ల కాగితం, తలపాగా, మైకు. చివరికి మిగిలేది బూడిదరంగు. దాన్ని రంగుతో కాకుండా మడతలతో విడదీయాలి: గుండీలున్నవి ఒక పళ్ళెంలో, బెల్టు ఉన్నవి ఒక పళ్ళెంలో, మసకగా ఉన్న వెనక జనం ఒక పళ్ళెంలో. దీపం నెత్తి మీద కాకుండా పక్క నుంచి పడితే ముక్కల అంచులు బాగా తెలుస్తాయి. అయినా ఎక్కడన్నా ఆగిపోతారని భయముంటే ముక్కల వెనక పెన్సిలుతో మూలని బట్టి 1, 2, 3, 4 వేసి ఉంచండి. విసుగొచ్చినప్పుడు తిప్పి చూసుకుంటారు, లేకపోతే లేదు.

సరుకు సంగతి. 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపీచును అదిమి చేసిన పలక) మీద చేయించండి, అట్ట వద్దు. గంజాం తీరంలో అయితే వర్షాకాలం గాలికే అట్ట ఉబ్బి ముక్క ముక్కలో పట్టదు. రాయగడ కొండల్లో సముద్రపు గాలి లేకపోయినా ఆషాఢం, శ్రావణం తడి తక్కువేం కాదు. షీల్డులు, మెమెంటోలు చేసే పెద్ద షాపుల్లో ఎండీఎఫ్ మీద నేరుగా వేసే యూవీ ప్రింటర్లు ఉంటున్నాయి. అది దొరికితే అదే చేయించండి. కింద తెల్ల పూత వేయమని చెప్పడం మరవకండి, లేకపోతే చెక్క గోధుమరంగు బొమ్మలోకి వచ్చేస్తుంది. అది దొరకని చోట మ్యాట్ పేపరు ప్రింటు తీసి ఎండీఎఫ్‌కి అంటించి కోస్తారు. అప్పుడు పైన కోల్డ్ లామినేషన్, అంటే అంటించే ప్లాస్టిక్ పొర, మాత్రం వేయనివ్వకండి. ఆ ఫిల్ము చాలాచోట్ల పీవీసీ అనే రకం ప్లాస్టిక్. లేజర్ కింద కాలితే క్లోరిన్ కలిసిన ఘాటు వాయువు వస్తుంది. మనిషికి మంచిది కాదు, మిషనూ తుప్పు పడుతుంది. తెలిసిన షాపువాడు తనంతట తానే వద్దంటాడు. వద్దనలేదంటే వేరే షాపు చూసుకోండి.

నలుపు తెలుపు ప్రింటు రంగుల మిషన్‌లో తీస్తే ఒక్కోసారి పచ్చ ఛాయో గులాబీ ఛాయో కొడుతుంది. మొత్తం వేసే ముందు నాలుగంగుళాల పట్టీ ఒకటి తీయించి బయట ఎండలో పెట్టి చూడండి. షాపులో ట్యూబులైటు కింద అన్నీ బాగానే కనిపిస్తాయి.

ఒక మాట మొహమాటం లేకుండా చెబుతాను. కొందరు ఇలాంటి ఫోటో తెచ్చి "వెనక వరసలో మా నాన్నగారి ముఖం కూడా కలిపేయండి" అంటారు. దయచేసి అది చేయించకండి. ఆయన ఆ రోజు ఎక్కడున్నారో ఆయనకు తెలుసు. ఏ గుడారంలో వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చున్నారో, ఆ కబురు ఎలా విన్నారో అది ఆయన కథ. ఆ రోజుల్లో యూనిఫారంలో దిగిన ఆయన సొంత ఫోటో ఉంటే పెట్టె మూత లోపలి వైపు అంటించండి.

ఈ ఫోటో మంచి కాపీ దొరక్కపోతే కంగారు పడనక్కర్లేదు. ఆ యుద్ధానికి మన ప్రాంతంతోనే పెద్ద సంబంధం ఉంది. ఫోటోలో ఉన్న వైస్ అడ్మిరల్ కృష్ణన్ అప్పుడు విశాఖపట్నం కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి. డిసెంబరు 3, 4 మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది విశాఖ రేవు బయటే. ఆస్పత్రికైనా పెళ్ళి బట్టలకైనా మనం విశాఖకే దిగుతాం కదా, ఈసారి వెళ్ళినప్పుడు ఆర్కే బీచ్‌లో విజయ స్మారకం దగ్గరా, ఆ యుద్ధంలో పాల్గొన్న కుర్సురా జలాంతర్గామి దగ్గరా నాన్నగారిని నిలబెట్టి మంచి కెమెరాతో ఫోటో తీయండి. దాన్ని పజిల్ చేయిస్తే ఫైలు బాధా లేదు, హక్కుల బాధా లేదు.

హక్కుల మాట వచ్చింది కనుక చెబుతున్నా. ప్రభుత్వ ఫోటోకి మన కాపీరైటు చట్టం కింద ప్రచురించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు రక్షణ ఉంటుంది. 1971లో వెలువడిన దానికి 2031 చివరిదాకా అన్నమాట. ఇంట్లో నాన్నగారి కోసం చేయించుకోవడాన్ని ఎవరూ తప్పు పట్టరు. బాగుందని పాతిక సెట్లు చేయించి అమ్మకానికి పెడితే మాత్రం అనుమతి కావాలి.

పూర్తయ్యాక అతికించాలా అని అడిగారు. ఫ్రేములో పూర్తి ఫోటో ఎలాగూ గోడ మీద ఉంటుంది కాబట్టి పజిల్‌ని అతికించకండి, మళ్ళీ మళ్ళీ పేర్చుకోనివ్వండి. రెండడుగుల ప్లైవుడ్ పలక మీద పాత దుప్పటి గుడ్డ బిగించి ఇస్తే పేర్చినంతవరకూ అలాగే మంచం కిందకు తోసేసుకోవచ్చు. పెట్టెలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేయండి. లేజర్ కోత అంచులకు మసి ఉంటుంది, పొడి గుడ్డతో ఒక్కో ముక్కా తుడవాలి. తడిగుడ్డ పెడితే బొమ్మ మీదకి మరక పాకుతుంది. కాలిన వాసన కొన్నాళ్ళు వదలదు. కాబట్టి డిసెంబరు 16 అనుకుంటే నవంబరు మూడో వారానికల్లా కోత అయిపోయేలా ఆర్డరివ్వండి, ముక్కలు నీడలో ఫ్యాను కింద ఆరబెట్టుకోవడానికి టైముంటుంది.